చూడకుండా నచ్చిన బొమ్మ

మంత్రిగారికి విమానంలో నిద్ర పట్టకపోవడం వల్ల రాష్ట్రానికి ఒక కొత్త పని వచ్చిపడింది.

పక్కసీట్లో ఎవరో ప్రయాణికుడు ఫోన్లో ఏదో రాసుకుంటూ తనలో తను నవ్వుకుంటున్నాడు. ఏమిటని అడిగారు మంత్రిగారు.

"ఏం లేదండీ, 1966లో వచ్చిన సినిమాల్లో నాకు బాగా నచ్చినవి ఏరుకుంటున్నా. ఇప్పుడందరికీ ఇదే సరదా. ఒక ఏడాది పట్టుకోవడం, ఆ ఏడాది సినిమాల్లో మనకిష్టమైనవి నలుగురికీ చెప్పడం, ఆ నలుగురి చేతా తిట్లు తినడం," అన్నాడతను.

మంత్రిగారు ఆలోచనలో పడ్డారు. 1966 ఆయన పుట్టిన సంవత్సరం. ఊరూ పేరూ తెలియని ఒక ప్రయాణికుడికి ఆ ఏడాది సినిమాల్లో ఇష్టమైనవి ఉన్నాయి. ఇంత పెద్ద ప్రభుత్వానికి లేవు! విమానం గన్నవరంలో దిగేసరికి నిర్ణయం జరిగిపోయింది. వారం తిరక్కుండా జీవో వచ్చింది. '1966వ సంవత్సరమున విడుదలైన తెలుగు చలనచిత్రములలో రాష్ట్ర ప్రభుత్వమునకు వ్యక్తిగతముగా నచ్చిన వాటిని ఎంపిక చేయు నిమిత్తము ఉన్నతస్థాయి సంఘమును నియమించడమైనది.'

ప్రభుత్వానికి వ్యక్తిగతంగా నచ్చడమేమిటని ఎవరూ అడగలేదు. అలా అడిగేవాళ్ళు ప్రభుత్వంలో పైకి రారు. పైకొచ్చినవాళ్ళు అడగరు.

జీవో అడుగున చిన్న పేరా ఒకటుంది. నచ్చిన చిత్రాలను కంప్యూటర్లోకి ఎక్కించి జనానికి చూపించాలి. మిగిలిన రీళ్ళు గోదాములో చోటు తినేస్తున్నాయి కనుక తుక్కు కింద అమ్మేయాలి. పాత నలుపు తెలుపు ఫిల్ములో కాస్త వెండి ఉంటుంది. కరిగించుకునేవాడు ఎవడో ఒకడు దొరక్కపోడు.

ఆ చిన్న పేరాని చిలుమూరి చక్రధరం రెండుసార్లు చదివాడు.

చక్రధరం రాష్ట్ర చలనచిత్ర స్మృతి సంస్థలో జాయింట్ డైరెక్టర్. సినిమాల గురించి ఆయనకి పెద్దగా తెలియదు. ఆ ఉద్యోగానికి అది అడ్డు కూడా కాలేదు. ఆయన ప్రతిభంతా నిబంధనలు రాయడంలో ఉంది. ఆఫీసు క్యాంటీన్లో రెండోసారి చట్నీ ఎవరికి వెయ్యొచ్చో, ఎవరికి వెయ్యకూడదో తేల్చే నిబంధన ఆయనదే. దానిమీద ఇంతవరకూ ఒక్కరూ అప్పీలుకి వెళ్ళలేకపోయారు. డైరెక్టరు కుర్చీ త్వరలో ఖాళీ అవుతుంది. అందులో కూర్చోబోయేది చక్రధరమేనని ఆఫీసులో అటెండర్లు సహా అందరికీ తెలుసు.

ఆ గోదాములోనే 'రేపల్లె ప్యాసింజరు' అనే సినిమా రీళ్ళు పడున్నాయి. అందులో చక్రధరం మేనత్త త్రిపురాంబ నటించింది. ఆవిడ జీవితం మొత్తమ్మీద వేసిన సినిమా అదొక్కటే. దాన్ని ఆవిడే చూడలేదు.

ఆ ఆదివారం ఆయన తెనాలి వెళ్ళాడు. త్రిపురాంబ వరండాలో మంచమ్మీద కూర్చుని, చింతకాయలు తడుముకుంటూ గింజ తీస్తోంది. నీటికాసులొచ్చి ఒక కన్ను పోయింది. రెండో కన్ను కూడా ఎంతో కాలం ఉండదని డాక్టరు చెప్పేశాడు.

"ఎవరూ? చక్రమేనా? నీ బూట్ల చప్పుడు ముందే చెప్పింది. సర్కారు బూట్లు," అందావిడ.

సంగతంతా చెప్పాడు. ఆవిడ చింతకాయ పక్కన పెట్టింది.

"తగలెట్టేస్తారా?"

"కరిగిస్తారత్తయ్యా. వెండి కోసం."

"ఓరి మీ వెండి పాడుగాను! ఆ నిర్మాత పొగాకు మీద సంపాదించిందంతా ఆ బొమ్మ మీద తగలేశాడ్రా. ఆఖరికి రీళ్ళ పెట్టెలు కొనడానికి కూడా మిగల్లేదు. పొగాకు రేకుపెట్టెల్లోనే గోతాలు పరిచి పంపించాడు. తీసినవాడల్లా ఒకటే తుమ్ములు! మేం నాటకాలకి బళ్ళారి వెళ్ళొచ్చేసరికి తెనాల్లో బొమ్మ ఎత్తేశారు. గుంటూర్లో ఆడుతోందంటే పరిగెత్తాను, అక్కడా ఎత్తేశారు. ఇన్నేళ్ళూ నీ గోదాములో ఉందంటివి. ఓసారి చూపించరా అంటే నిబంధన ఒప్పుకోదంటివి. ఆ నిబంధన రాసిన సన్నాసి ఎవడ్రా?"

చక్రధరం చింతకాయ ఒకటి తీసుకున్నాడు.

"ఒక్కసారి చూడాలిరా. కన్ను ఉండగానే. సినిమాలో నేనెలా ఉన్నానో నాకే తెలీదు."

"చూపిస్తాను. సంఘానికి కార్యదర్శిని నేనే. ఆ సినిమా ప్రభుత్వానికి నచ్చేలా చేస్తాను," అన్నాడు చక్రధరం.

"అంత బాగుంటుందంటావా?"

"బాగుండటానికీ నచ్చడానికీ మా దగ్గర సంబంధం లేదత్తయ్యా."

*

సంఘానికి అధ్యక్షుడు చామర్తి బృహస్పతిరావు. విశ్రాంత అధికారి అన్నది పేరుకే. ఆయన విశ్రాంతి తీసుకుంటుండగా చూసినవాళ్ళు లేరు. రాష్ట్రంలో ఎక్కడ సంఘం వేసినా కుర్చీ ఆయనదే. రొయ్యల చెరువుల సంఘంలోంచి లేచి, కాళ్ళు కడుక్కుని వచ్చి సినిమాల సంఘంలో కూర్చున్నారు. ఆయన చేతిలో ఎప్పుడూ ముక్కుపొడుం డబ్బా ఉంటుంది. కష్టమైన విషయం వస్తే ఒక పట్టు పీలుస్తారు. తేలిక విషయం వస్తే రెండు పీలుస్తారు.

మొదటి సమావేశంలో అందరికన్నా ముందు మాట్లాడినవాడు ఈడ్పుగంటి పాండురంగం. పాత సినిమాల మీద పత్రికల్లో రాసి రాసి జుట్టు రాలగొట్టుకున్న మనిషి.

"1966లో వచ్చినవన్నీ చూశానండీ. కొన్నిటిని నాలుగైదుసార్లు. నాకు నచ్చినవి గుక్క తిప్పుకోకుండా చెప్పగలను. ఒకటి మాత్రం చచ్చినా ఒప్పుకోను. 'రేపల్లె ప్యాసింజరు'! అంత దరిద్రమైన సినిమా ఆ ఏడాదే కాదు, ఆ దశాబ్దంలోనే రాలేదు," అన్నాడు.

కార్యదర్శి కుర్చీలో చక్రధరం కలం ఆగిపోయింది. ఈ మనిషి సంఘంలో ఉండగా అత్తయ్య తన బొమ్మ చూడలేదు. ఈ మనిషిని పంపించాలి. ఎలా?

దారి బృహస్పతిరావుగారే చూపించారు.

"ఆగండాగండి. చూశానంటున్నారు. స్వయంగానా?"

"సినిమాకి మనిషిని పంపిస్తామా అండీ? నేనే వెళ్ళాను."

"ఎవరి ప్రోద్బలంతో?"

"చిన్నప్పుడు మా మావయ్య తీసుకెళ్ళాడు. తరవాత నా ప్రోద్బలంతో నేనే వెళ్ళాను."

"అంటే సదరు చిత్రాలపై మీకు ముందే ఒక అభిప్రాయం ఏర్పడిపోయి ఉన్నది!"

"ఏర్పడబట్టే కదండీ నచ్చాయంటున్నాను!"

బృహస్పతిరావుగారు ఒక పట్టు పీల్చారు. చక్రధరం లేచి నిలబడి గొంతు సవరించుకున్నాడు.

"అధ్యక్షా, ఒక్క మనవి. ఉద్యోగాల ఇంటర్వ్యూకి కూర్చునే ముందు, అభ్యర్థుల్లో మాకు తెలిసినవాళ్ళు ఎవరూ లేరని బోర్డు సభ్యులు సంతకం పెడతారు. తెలిసినవాడుంటే పక్షపాతం వస్తుందని ఆ ఏర్పాటు. మరి సినిమాల దగ్గర? ఒకసారి చూసిన సినిమా మనకి పరిచయస్థుడు. నాలుగుసార్లు చూస్తే బావమరిది."

"భేష్!" అన్నారు బృహస్పతిరావుగారు.

పావుగంటలో నిబంధన తయారైంది. 'అభిమానము నిష్పాక్షికముగా ఉండవలెను. కావున అభ్యర్థి చిత్రమును చూసియున్నవారు, చూసిన వారి ద్వారా కథ వినియున్నవారు, పూర్వపరిచయ దోషము కలవారై, సదరు చిత్రమును అభిమానించుటకు అనర్హులు. సంఘములోని ఏ సభ్యునికి పరిచయ దోషము సోకినను సదరు చిత్రము పోటీ నుండి తొలగింపబడును.'

పాండురంగం నోరు తెరుచుకుని అందరి మొహాలూ చూశాడు. "అయితే సినిమా చూడనివాళ్ళే అది నచ్చిందని చెప్పాలా?"

"అవును. వారికే ఎవరిమీదా ద్వేషం ఉండదు," అన్నారు అధ్యక్షులు.

"పెళ్ళిచూపులకి గుడ్డివాణ్ణి పంపించండి!" అంటూ పాండురంగం సంచీ భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆ మాటని చక్రధరం మినిట్స్‌లో 'సభ్యులు తమ విలువైన సూచనతో నిష్క్రమించిరి' అని రాసుకున్నాడు.

ఆయనతోపాటు సినిమాలు తెలిసినవాళ్ళంతా పోయారు. వాళ్ళ కుర్చీల్లోకి ప్రభుత్వశాఖల నుంచి మచ్చలేని మనుషులొచ్చారు. పశుసంవర్ధక శాఖ నుంచి డాక్టర్ మేరీ కరుణ వచ్చింది. నీటిపారుదల శాఖ నుంచి ఇంజనీరు సుగుణాకరరెడ్డి వచ్చాడు. ఆయన చిన్నప్పుడు ఊళ్ళో సినిమాహాలు లేదు. పెద్దయ్యాక తీరిక లేదు. "ఇంత శుభ్రమైన మనిషిని నేను చూడలేదు," అని అధ్యక్షులు ఆయన చెయ్యి పట్టుకుని ఊపారు.

ఆ శుభ్రత రెండోవారానికే పాడైంది. సుగుణాకరరెడ్డి లిఫ్టులో కూనిరాగం తీస్తూ దొరికిపోయాడు. విచారణ జరిగింది.

"మీరు తీసిన రాగం ఏ చిత్రంలోనిది?"

"నాకేం తెలుసు సార్? మా ఆవిడ వంటింట్లో పాడుతుంటుంది."

"శ్రీమతిగారు ఆ చిత్రం చూశారా?"

"పెళ్ళికి ముందు చూసుంటుంది సార్. అప్పుడు నేను అడ్డుపడే హోదాలో లేను."

'పాట ద్వారా సంక్రమించిన పాక్షిక పరిచయ దోషము' అని నమోదు చేశారు. ఆ పాట ఏ సినిమాలోదో తేల్చి, ఆ సినిమాని పోటీలోంచి తప్పించారు. ఆ వారంలోనే జనం ఎక్కువగా పాడుకునే పాటలున్న సినిమాలన్నీ తుక్కులో కలిశాయి. నలుగురూ మెచ్చిన సినిమా అంటే నలుగురు పరిచయస్థులున్న అభ్యర్థి అన్నమాట. పైరవీ ఉన్నట్టే లెక్క.

చక్రధరానికి లోలోపల సంతోషంగా ఉంది. 'రేపల్లె ప్యాసింజరు' పాటలు ఎవరూ పాడరు. దాని కథ ఎవరికీ తెలియదు. ఇంత నిర్దోషి ఇంకొకటి లేదు.

అప్పుడు అధ్యక్షులు కొత్త మాటన్నారు. "పేరు వింటే కులం తెలిసిపోయినట్టు, టైటిలు వింటే కథ తెలిసిపోతోందయ్యా. పరీక్ష పేపర్లకి మల్లే వీటికీ పేర్లు తీసేసి నంబర్లు వెయ్యండి. ఏ నంబరు ఏ చిత్రమో కార్యదర్శికి కూడా తెలియకూడదు."

అత్తయ్య సినిమా ఏ నంబరు వెనక ఉంటుందో ఇక చక్రధరానికీ తెలియదు.

*

ఇంటర్వ్యూలు ఘనంగా మొదలయ్యాయి. సీలు వేసిన రీళ్ళ పెట్టెల్ని అటెండర్లు ఒక్కొక్కటే మోసుకొచ్చి సంఘం ఎదుట కుర్చీలో కూర్చోబెట్టేవారు.

"రావయ్యా, కూర్చో," అనేశారు అధ్యక్షులు మొదటి పెట్టెతో, అలవాటు కొద్దీ. ఎవరూ నవ్వలేదు.

"ఎన్ని రీళ్ళు?"

"పద్దెనిమిది సార్," అన్నాడు పెట్టె తరఫున అటెండరు.

"భారీ మనిషి. తుప్పు?"

"మూతమీద కొంచెం సార్."

"అనుభవం ఉన్నదన్నమాట. వెళ్ళిరమ్మనండి."

చక్రధరం చూస్తున్నాడు. ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి, అన్నీ ఒకేలా ఉన్నాయి. వీటిలో అత్తయ్య ఎక్కడుందో! అప్పుడు తెనాలి వరండా గుర్తొచ్చింది. పొగాకు పెట్టెలు, గోతాలు, తుమ్ములు.

లేచి వెళ్ళి ఎదురుగా ఉన్న పెట్టెని వాసన చూశాడు. మామూలు ఇనుము వాసన. వెనక్కి వచ్చి కూర్చున్నాడు. అందరి తలలూ అటు తిరిగాయి.

"ఏమిటది?" అన్నారు అధ్యక్షులు.

"వాసన పరీక్ష అధ్యక్షా," అన్నాడు చక్రధరం. నాలుక దానంతట అదే కదిలింది. "చూడకూడదన్నాం, వినకూడదన్నాం. వాసన చూడకూడదని నిబంధనలో లేదు."

"నేను ముందునుంచీ అందామనుకుంటున్నాను," అంది డాక్టర్ మేరీ కరుణ. "మా శాఖలో సగం సంగతి వాసనలోనే తెలిసిపోతుందండీ. మీరు లేవండి, మీకు రాదు." ఆవిడ వెళ్ళి పెట్టె నాలుగువైపులా తిరిగి, అలవాటైన మనిషిలా లోతుగా పీల్చి, "ఒంట్లో బాగానే ఉంది. కాస్త నీరసం," అని మార్కులు వేసింది.

అప్పట్నుంచి సంఘం మొత్తం లైను కట్టి వాసన చూడటం మొదలుపెట్టింది. అధ్యక్షులు ముందు, తరవాత హోదాల వారీగా. వాసనకి విడిగా మార్కులు పెట్టారు. ఒక పెట్టెలోంచి చచ్చిన ఎలక వాసనొస్తే 'విషాదాంతం కావచ్చు' అని సానుభూతితో చూశారు.

మర్నాడు ముప్ఫయ్యొకటో నంబరు పెట్టె వచ్చింది. అది గుమ్మంలో ఉండగానే అటెండరు తుమ్మాడు. చక్రధరం కుర్చీలో ముందుకి జరిగాడు. అధ్యక్షులు ముక్కు దగ్గరగా పెట్టి పీల్చారు. కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ పీల్చారు. జేబులోని పొడుం డబ్బా తీసి, చూసి, అవమానంతో లోపల పెట్టేసుకున్నారు.

"అబ్బ! ఏం వ్యక్తిత్వమండీ!" అన్నారు గద్గదంగా.

అధ్యక్షులకి నచ్చాక సభ్యులకి నచ్చకపోవడం ఎక్కడా లేదు. సంఘం ఏకగ్రీవంగా తుమ్మింది. ముప్ఫయ్యొకటికి నూటికి నూరు మార్కులు పడ్డాయి. ప్రభుత్వమన్నాక ఒక్కటే అభిప్రాయం ఉండాలి గనక, నచ్చింది ఆ ఒక్కటేననీ తీర్మానించారు. కవరు విప్పి పేరు చదివారు. 1966లో ప్రభుత్వానికి వ్యక్తిగతంగా నచ్చిన చిత్రం 'రేపల్లె ప్యాసింజరు'.

చక్రధరం వరండాలోకి పరిగెత్తి తెనాలికి ఫోన్ చేశాడు. "అత్తయ్యా, నెగ్గాం! ఇక చూడటమే!"

"కొత్త కళ్ళజోడు చేయించుకుంటానుండు," అందావిడ.

*

ఆవిడ కళ్ళజోడు వచ్చింది. సినిమా రాలేదు.

పై నుంచి ఒక సందేహం కిందికి దిగింది. కంప్యూటర్లోకి ఎక్కించేవాడు సినిమా చూస్తాడు కదా? అతను చూశాక జనం చూస్తారు కదా? చూసినవాళ్ళకి నచ్చకపోతే?

బృహస్పతిరావుగారు దాన్ని చక్కగా తేల్చేశారు. "చూడకముందు నచ్చింది. అది రికార్డు. చూశాక నచ్చకపోతే ప్రభుత్వ అభిప్రాయం మార్చుకోవాలి. ప్రభుత్వం అభిప్రాయం మార్చుకోవాలంటే క్యాబినెట్ కూర్చోవాలి. ఇంత చిన్న విషయానికి అంతమందిని కూర్చోబెట్టడం కన్నా, ఎవరూ చూడకుండా చూడటమే ఉత్తమం."

రీళ్ళ పెట్టెని గాజు బీరువాలో పెట్టి, శాశ్వతంగా సీలు వేసి, మంత్రిగారి చేత ఆవిష్కరింపజేయాలని తీర్మానమైంది. జనం వరసలో వచ్చి పెట్టెని దర్శించుకోవచ్చు. వాసన మాత్రం రాదు.

చక్రధరం తీర్మానం టైపు చేయించాడు. రెండు రోజులు తెనాలి ఫోన్లు ఎత్తలేదు. మూడోరోజు పాండురంగం దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"ఏమయ్యా జాయింట్ డైరెక్టరూ, నీకు దండం పెట్టాలయ్యా! ఆటోనగర్లో తుక్కు కొనే కరీముల్లా షెడ్డులో ఉన్నాను. నువ్వు తుక్కు కింద అమ్మిన సినిమాలన్నీ ఇక్కడే ఉన్నాయి. కరీముల్లా దగ్గర పాత ప్రొజెక్టరుంది. కరిగించేముందు ఒకసారి వేసి చూద్దామన్నాడు. జనం విరగబడ్డారు. ఇక కరిగిస్తాడా? రోజూ మధ్యాహ్నం ఆట! అన్నీ ఉన్నాయి, నువ్వు నచ్చిందన్న ఆ దరిద్రం ఒక్కటి తప్ప. బతికించావు!"

చక్రధరం ఫోన్ పెట్టేశాడు. ఓడిపోయిన ప్రతి సినిమానీ ఊరంతా చూస్తోంది. ఒక్క అత్తయ్య సినిమాకే ఆయన ఉరి బిగించాడు. అదీ స్వహస్తాలతో, నూటికి నూరు మార్కులు వేయించి మరీ.

తెనాలి వెళ్ళి చెప్పాడు. త్రిపురాంబ తిట్టలేదు. కొత్త కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడిచింది. తిట్టి ఉంటేనే బాగుండేదనిపించింది చక్రధరానికి.

"కుడిపక్కనుంచి చీకటి కమ్ముతోందిరా," అంది మెల్లిగా. "సరేలే. నా ముక్క నాకు గుర్తుంది. కళ్ళు మూసుకుని చూసుకుంటాలే."

"ఏం ముక్క?"

"జామకాయలమ్మేదాన్ని నేను. రైల్లో ఒక ఆఫీసరుని ఉతికి ఆరేస్తాను. పేజీన్నర డైలాగు! ఒక్క టేకులో చెప్పాను. నిన్ననే స్నానం చేస్తూ మొత్తం చెప్పుకున్నా."

చక్రధరం బుర్రలో నిబంధన కదిలింది. ఏ సభ్యునికి పరిచయ దోషము సోకినను సదరు చిత్రము పోటీ నుండి తొలగింపబడును.

"అత్తయ్యా, అది గట్టిగా చెప్పగలవా? మైకు లేకుండా?"

"ఏమన్నావ్?" అంది త్రిపురాంబ లేచి నిలబడుతూ. "సురభి వాళ్ళ పక్క పందిట్లో నాటకమాడి, వాళ్ళ జనాన్ని ఇటు లాక్కున్న గొంతురా ఇది! ఎక్కడ చెప్పాలో చెప్పు."

"ముందు వరసలో కుర్చీ వేయిస్తాను. కానీ నన్ను ఎరగనట్టుండు. మనకి బంధుత్వం ఉందని తెలిస్తే డైరెక్టరు కుర్చీ కాదు, ఉన్న కుర్చీ కూడా పోతుంది."

"నిన్ను ఎరగనట్టుండటం ఎంతసేపురా! పదేళ్ళనుంచీ నువ్వు నన్ను ఎరగనట్టున్నావు, నేర్చుకోలేదూ?"

*

ఆవిష్కరణ రోజున హాలు నిండిపోయింది. వేదికమీద గాజు బీరువా, దానికి పూలదండ, లోపల పొగాకు పెట్టె. మంత్రిగారు మాట్లాడారు. ఈ చిత్రం తనకి ఎంత ఇష్టమో మాటల్లో చెప్పలేనన్నారు. అది నిజమే. చెప్పడానికి మాటలేవీ ఆయన దగ్గర లేవు.

చప్పట్లు ఆగాయి. ముందువరసలో తెల్లచీర కట్టుకున్న ముసలావిడ లేచి, కళ్ళజోడు సరిచేసుకుని, మంత్రిగారికేసి వేలు చూపించింది.

"ఓ దొరా! టిక్కెట్టు కొన్నావా?"

హాలు ఉలిక్కిపడింది. మంత్రిగారు చేతుల్లో బొకేలతోనే జేబు తడుముకున్నారు.

"మొదటి తరగతిలో కాళ్ళు బార్లాజాపుకున్నావు, మెత్తసీటు నీ అబ్బ సొమ్మా? నా గంపకి కూడా టిక్కెట్టు కొన్నానే, నీ బొజ్జకి కొన్నావా? నా జామకాయ కొరక్కుండానే పులుపంటావా? రేపల్లె నుంచి తెనాలి దాకా ప్రతి స్టేషన్లో దిగి నీ పరువు తూకానికి పెడతాను, కొనేవాడుంటే అమ్ముకో!"

వెనకవరసల్లో ఎవరో ఈల వేశారు. బృహస్పతిరావుగారు పైకి లేచారు. "ఏమిటిది? ఎవరీమె?"

"అధ్యక్షా! ఇది చిత్రంలోని సంభాషణేమో!" అంది డాక్టర్ మేరీ కరుణ. అంతే. సంఘం సభ్యులంతా ఒక్కసారిగా చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. ఒకాయన టేబులు కిందికి దూరాడు. మంత్రిగారికి రెండు చేతుల్లోనూ బొకేలుండటంతో పాపం అంతా వినాల్సి వచ్చింది. త్రిపురాంబ పేజీన్నర పూర్తిచేసి, గాలిలో గంప ఎత్తుకున్నట్టు ఎత్తి, నెత్తిన పెట్టుకుని, ఠీవిగా కూర్చుంది. హాలు చప్పట్లతో మోగిపోయింది. అంతకుముందు మంత్రిగారికి పడినవాటికీ వీటికీ తేడా మంత్రిగారికి కూడా తెలిసింది.

బృహస్పతిరావుగారు మాత్రం తొణకలేదు. చెవుల్లోంచి వేళ్ళు తీసి ఒక పట్టు పీల్చారు.

"కంగారు పడకండి. ఇవి ఆ చిత్రంలోని మాటలేనని రుజువేదీ? దారినపోయే ముసలావిడ ఏదో అరిచింది. పిచ్చిదని రాసుకుందాం. దోషం లేదు, సీలు అలాగే ఉంటుంది. ఏమయ్యా చక్రధరం, ఈమె నీకేమైనా తెలుసా?"

హాలంతా చక్రధరాన్ని చూసింది. త్రిపురాంబ మాత్రం మాట ప్రకారం ఎటో చూస్తూ కూర్చుంది. ఆవిడ చూస్తున్నవైపు గోడ తప్ప ఏమీ లేదు. ఆ పక్క కన్ను ఇప్పటికే పోయింది.

తెలియదంటే చాలు. డైరెక్టరు కుర్చీ ఉంటుంది. ఆవిడ పిచ్చిదని రికార్డులో పడుతుంది. ఆ రికార్డు రాయాల్సింది కూడా తనే.

"తెలుసండీ," అన్నాడు చక్రధరం. "మా మేనత్త. పేరు త్రిపురాంబ. ఆ సినిమాలో జామకాయలమ్మేది ఆవిడే. ఇప్పుడు చెప్పింది ఆ సినిమాలో ఆవిడ డైలాగే. ఒక్క టేకులో చెప్పింది."

*

ఆ సాయంత్రానికే 'రేపల్లె ప్యాసింజరు' మీద ప్రభుత్వ అభిమానం రద్దయింది. పరిచయ దోషం మంత్రిగారికే సోకింది గనక బీరువాని పూలదండతో సహా బయట పెట్టించారు. 1967వ సంవత్సరానికి కొత్త సంఘం వేశారు. బృహస్పతిరావుగారే అధ్యక్షులు. సభ్యత్వంలో వినికిడి లోపం ఉన్నవారికి ప్రాధాన్యం ఇస్తారట. చక్రధరానికి ఛార్జి మెమో ఇచ్చి, మత్స్యశాఖలో చేపపిల్లల విభాగానికి పంపించారు. అక్కడ నిబంధనలు రాయడానికేమీ లేదు. చేపపిల్లలు చదవవు.

తుక్కు వేలంలో పొగాకు పెట్టె కరీముల్లాకి వచ్చింది. మర్నాడు మధ్యాహ్నం షెడ్డులో ఇసకేస్తే రాలనంత జనం. మెకానిక్కులు, లారీ డ్రైవర్లు, టైర్ల కొట్టువాళ్ళు. పెట్టె తెరవగానే ముందు రెండు వరసలూ తుమ్మాయి. తెల్లసున్నం కొట్టిన గోడకి బారెడు దూరంలో త్రిపురాంబకి కుర్చీ వేశారు. ఆవిడ దాన్ని ఇంకాస్త ముందుకి జరుపుకుంది. పక్కన పీటమీద చక్రధరం కూర్చున్నాడు. ఆ పక్కన పాండురంగం.

బొమ్మ పడింది. కథ అనుకున్నది ఎక్కడా మొదలవలేదు. హీరో మూడు పాటలు పాడాడు, ముగ్గురు వేరు వేరు మనుషుల్లా. రైలు ఒకసారి ముందుకీ, తరవాత అదే ముక్క తిరగేసి వెనక్కీ వెళ్ళింది. లారీ డ్రైవర్లు విజిల్సు వేయడం మానేసి ఆవలించడం మొదలుపెట్టారు.

అప్పుడు గోడమీద రైలుపెట్టె తలుపు తోసుకుని ఒక పిల్ల లోపలికి వచ్చింది. నెత్తిన జామకాయల గంప, నడుముకి బిగించిన కొంగు. "ఓ దొరా!" అంది. ఆవలింతలు ఆగిపోయాయి. ఇరవయ్యేళ్ళు కూడా లేని పిల్ల. చేతులు తిప్పుతూ, కళ్ళు ఎర్రజేస్తూ, ఊపిరి తీసుకోకుండా ఆఫీసరుని కడిగేసింది. గంప ఎత్తుకుని దిగిపోయింది. అంతే, మళ్ళీ ఆ పిల్ల సినిమాలో కనిపించలేదు.

బొమ్మ అయిపోయింది. పాండురంగం వంగి, కాస్త భయపడుతూనే అడిగాడు. "ఎలా ఉందమ్మా?"

"పరమ చెత్తగా ఉందండీ!" అంది త్రిపురాంబ. "కథ లేదు, కాకరకాయ లేదు. హీరో మొహం మాడిన పెసరట్టులా ఉంది. ఇలాంటిదానికి ఆ మహానుభావుడు పొగాకంతా తగలేశాడు!"

"నేను ముందే చెప్పాను. ఈయన వింటేగా!" అన్నాడు పాండురంగం చక్రధరాన్ని చూపిస్తూ.

త్రిపురాంబ కళ్ళజోడు తీసి, అద్దాలు తుడిచి, మళ్ళీ పెట్టుకుంది. ఖాళీ గోడకేసి కుర్చీ ఇంకో జానెడు జరుపుకుంది.

"ఆ పిల్ల మాత్రం ఎంత బాగా చేసిందో!" అంది. "కరీముల్లా, ఆ ముక్క ఇంకోసారి వెయ్యి నాయనా."